నీళ్లు ఒడ్డునే వదలాలి: ఉత్తర టెక్సాస్ తెలుగు పడవ యజమానులకు బహిరంగ లేఖ

టెక్సోమా, రే రాబర్ట్స్, లూయిస్‌విల్, గ్రేప్‌వైన్, లవాన్ సరస్సులలో విహార పడవలు నడిపే తెలుగు యజమానులకు, సెలవు రోజుల్లో పడవ అద్దెకు తీసుకునే కుటుంబాలకు:

విహారం ముగిసిన ప్రతిసారీ పడవలోకి చేరిన నీటిని సరస్సు ఒడ్డునే పూర్తిగా వదిలేయడం, మరో సరస్సులో దింపేలోగా ఆ పడవను తడి ఆనవాలు లేకుండా ఎండబెట్టడం పడవ యజమాని తప్పించుకోలేని పనులు. మీలో కొందరు ఇవి అనవసరమని బాహాటంగానే అంటున్నారు. “ఈ సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు ఎప్పుడో చేరిపోయాయి, ఇక నీళ్లు తీసి ఏం లాభం” అన్న మాట పడవలను నీటిలోకి దించే ర్యాంపుల దగ్గర, విందుల్లో, కొత్తగా పడవ కొన్నవాళ్లకు ఇచ్చే సలహాల్లో కూడా వినిపిస్తోంది. ఈ వాదన తలకిందులుగా ఉంది. ఆల్చిప్పలు చేరిన సరస్సు నుంచి కాక, అవి లేని సరస్సు నుంచి ఇంకో చోటికి పోతాయా? నీళ్లు తీయవలసిన అవసరం ఏ సరస్సు దగ్గర అన్నిటికంటే ఎక్కువో, సరిగ్గా అక్కడే ఆ పని మానేయమని చెప్పడం ఏ లెక్కన సబబు?

జీబ్రా ఆల్చిప్ప నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం పరిసరాల జీవి. సరుకు ఓడలు బరువు కోసం అడుగున నింపుకున్న నీటిలో అట్లాంటిక్ దాటి వచ్చింది. 1988లో అమెరికా, కెనడా సరిహద్దులోని సెయింట్ క్లెయిర్ సరస్సులో బయటపడింది. టెక్సాస్‌లో మొదట దొరికింది 2009లో, టెక్సోమా సరస్సులో. పెరిగిన ఆల్చిప్ప మహా అయితే అంగుళమున్నర ఉంటుంది. చారలు ఉండబట్టే దానికి ఆ పేరు. ఆడ ఆల్చిప్ప ఏడాదిలో పది లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. గుడ్ల నుంచి వచ్చే లార్వాలు కంటికి కనిపించవు. రెండు మూడు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం నీటిలో తేలుతూ తిరిగి, ఆ తరువాత గట్టి ఉపరితలం ఏది దొరికితే దానికి సన్నని దారాలతో అతుక్కుంటాయి. పడవ యజమాని అడ్డుకోవలసింది ఈ తేలే దశనే. పట్టిన చేపలను బతికించి ఉంచే లైవ్‌వెల్ తొట్టి అడుగున మిగిలిన చెంబెడు నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన అందులో ఏమీ లేదని చెప్పడానికి ఆధారం ఏముంది?

సరస్సులో స్థిరపడ్డాక వీటిని పూర్తిగా తొలగించే మార్గం పెద్ద జలాశయాలకు ఇంతవరకు దొరకలేదు. ఒక్కో ఆల్చిప్ప రోజుకు సుమారు లీటరు నీటిని వడకట్టి, చేపపిల్లలు తిని బతకవలసిన సూక్ష్మజీవులను తినేస్తుంది. పదునైన గుల్లలు ఒడ్డున పేరుకుని ఈతకు దిగినవాళ్ల పాదాలు కోస్తాయి. అన్నిటినీ మించిన నష్టం పైపులకు. తాగునీటి కేంద్రాలు నీరు లాగే గొట్టాల్లో, జల్లెడల మీద, పంపుల్లో ఇవి పొరలు పొరలుగా పెరిగి దారి మూసేస్తాయి. మిషిగన్ రాష్ట్రంలోని మన్రో పట్టణానికి 1989లో ఈ కారణంగానే కొన్ని రోజులు నీరు ఆగిపోయింది. 2019 ఫిబ్రవరిలో ఆస్టిన్ నగరంలో కుళాయి నీరు దుర్వాసన కొడితే, దాని మూలం ముడినీటి గొట్టంలో చేరిన ఈ ఆల్చిప్పలేనని నగర నీటి శాఖ తేల్చింది.

ఈ ఆల్చిప్ప ఒక పరీవాహక ప్రాంతం నుంచి మరొక దానికి ఎలా చేరుతుందో గమనిస్తే మీ బాధ్యత ఎంతో తెలుస్తుంది. రే రాబర్ట్స్ నుంచి లూయిస్‌విల్ సరస్సుకు ట్రినిటీ నది ఎల్మ్ ఫోర్క్ పాయ పారుతుంది కాబట్టి అక్కడ లార్వాలు ప్రవాహంతోనే దిగిపోతాయి, పడవ అక్కర్లేదు. కానీ టెక్సోమా రెడ్ రివర్ మీద ఉంది. రే రాబర్ట్స్ ట్రినిటీ పరీవాహకంలోది. బెల్టన్ సరస్సు బ్రేజోస్ పరీవాహకంలోది. ట్రావిస్ సరస్సు టెక్సాస్ కొలరాడో నది మీద ఉంది. రే రాబర్ట్స్‌లో 2012లో, బెల్టన్‌లో 2013లో, ట్రావిస్‌లో 2017లో ఆల్చిప్పలు దొరికాయి. టెక్సోమా నుంచి బెల్టన్‌కు ఏ నదీ పారదు. ఇంత దూరాలు, ఇన్ని గట్లు దాటి వీటిని మోసుకెళ్లేది ముఖ్యంగా ట్రెయిలర్ మీద వెళ్లే పడవలే. నది చేయలేని పని పడవ చేస్తున్నప్పుడు, దాన్ని ఆపగలిగింది పడవ యజమాని కాక ఇంకెవరు?

ఇక నష్టం ఎవరిదన్న ప్రశ్న. ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, అలెన్, రిచర్డ్‌సన్ నగరాల్లో తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. ఈ నగరాలకు నీరు అమ్మేది నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. ఒకప్పుడు ఈ సంస్థ టెక్సోమా నీటిని తోడి సిస్టర్ గ్రోవ్ క్రీక్ అనే వాగులోకి వదిలేది. ఆ నీరు వాగులో పారి లవాన్ సరస్సులో కలిసేది. 2009లో టెక్సోమాలో ఆల్చిప్పలు బయటపడగానే, వాటిని లవాన్‌కు చేర్చకూడదని ఆ పంపులను ఆపేయవలసి వచ్చింది. సంస్థ నీటి సరఫరాలో నాలుగో వంతుకు పైగా ఆ ఒక్క నిర్ణయంతో పోయింది. 2011లో టెక్సాస్‌ను తీవ్రమైన కరువు పట్టినప్పుడు కూడా ఆ నీరు వాడుకోవడానికి వీల్లేకపోయింది. టెక్సోమా నీటిని వాగుకు తగలకుండా నేరుగా వైలీలోని శుద్ధి కేంద్రానికి తెచ్చేందుకు 46 మైళ్ల కొత్త పైపులైను వేశారు. సుమారు 30 కోట్ల డాలర్లు ఖర్చయింది. 2014లో గాని ఆ నీరు తిరిగి రాలేదు. ఆ ఖర్చు ఎవరో దాత భరించలేదు, నీటి బిల్లుల్లోంచే వచ్చింది. పడవ లేనివాడు, సరస్సు ముఖం ఎన్నడూ చూడనివాడు, ఇంటి అద్దెతో పాటు నీటి బిల్లు కట్టే విద్యార్థి, అందరూ అందులో భాగం పంచుకున్నారు. ఒక మధ్యాహ్నపు సరదా తాలూకు ఖర్చును వాళ్లు ఎందుకు మోయాలి?

పేరుకు సరస్సులే గాని ఇవన్నీ ఆనకట్టలు కట్టి నిలిపిన జలాశయాలు. ఊళ్లకు నీరివ్వడం, వరదను ఆపడం కోసమే కట్టారు. పడవ విహారం ఆ తరువాత వచ్చిన సౌకర్యం. ఊరి మంచినీళ్ల చెరువులోకి పశువులను కూడా దిగనివ్వని పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు మీలో ఎన్నో ఉన్నాయి. ఆ కట్టుబాటు ఎందుకు పెట్టారో మీకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

తెలుగు నేలకు ఈ బెడద తెలియనిదీ కాదు. జీబ్రా ఆల్చిప్ప కుటుంబానికే చెందిన మైటిలాప్సిస్ సాలీ అనే చిన్న ఆల్చిప్ప 1967లో విశాఖపట్నం నౌకాశ్రయంలో కనిపించింది. దాని సొంత ఊరు కరీబియన్, గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరాలు. అంటే మీరు ఉంటున్న టెక్సాస్‌ను ఆనుకున్న సముద్రం. ఓడలను పట్టుకుని అంత దూరం వచ్చి, రేవులోని గోడలకు, గుంజలకు, పడవల అడుగుకు గుత్తులు గుత్తులుగా పట్టేసింది. తరువాత ముంబైకీ పాకింది. అదే జీవి 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో విహార పడవలు నిలిపే మెరీనాల్లో బయటపడితే, అక్కడి ప్రభుత్వం మూడు మెరీనాలను మూసేసి, నీటిలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి దాన్ని చంపింది. మిగతా జీవులూ దాంతో పాటే చచ్చిపోయాయి. గేట్లు మూయగలిగిన చిన్న మెరీనాలు కాబట్టి ఆ పని కుదిరింది. లూయిస్‌విల్ సరస్సంతటా మైలుతుత్తం కలపగలరా? కలిపిన నీరు ఎవరు తాగుతారు?

నీళ్లు వదిలే పని ర్యాంపు దగ్గరే మొదలై అక్కడే ముగియాలి. పడవను ట్రెయిలర్ మీదికి ఎక్కించి, వెనక వచ్చేవారికి దారి ఇచ్చి, పక్కనున్న ఖాళీ స్థలంలో ముక్కు ఎత్తుగా, వెనక భాగం పల్లంగా ఉండేలా ఆపాలి. ముందు శుభ్రం చేయడం. పడవ అడుగు, ప్రొపెల్లర్, ట్రెయిలర్ ఇరుసు, చెక్క పట్టీలు, లంగరు, తాళ్లు అన్నీ చూసి బురద, నాచు, ఆకు, తీగ చేత్తో తీసేయాలి. ఈ మొక్కలను తక్కువగా చూడకూడదు. బ్రెజిల్ నుంచి వచ్చిన జెయింట్ సాల్వీనియా అనే తేలే మొక్క అనుకూలమైన నీటిలో వారం రోజుల్లోనే రెట్టింపు కాగలదు. తూర్పు టెక్సాస్‌లోని కాడో సరస్సును అది ఎంత ముంచెత్తిందో ఆ ప్రాంతం వారికి తెలుసు. కొల్లేరులోనో హుస్సేన్‌సాగర్‌లోనో గుర్రపుడెక్క చూసినవారికి ఇంకేమీ వివరించనక్కర్లేదు.

ఆ తరువాత డ్రెయిన్ ప్లగ్ తీయాలి. పడవ అడుగున, నేల పలకల కింద పేరుకునే బిల్జ్ నీరు ఆ రంధ్రం గుండా పోతుంది. ధార ఆగిందని వెంటనే బిగించకూడదు. చుక్కలు కూడా ఆగేదాకా ఉండాలి. బిల్జ్ పంపు వేసినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే పంపు నోరు అడుగుకు కొద్దిగా పైన ఉంటుంది, దాని కింద ఎప్పుడూ కొంత నీరు మిగులుతుంది. తరువాత లైవ్‌వెల్, ఎర చేపల బకెట్టు, ఐసు పెట్టె, సామాను అరలు ఒక్కొక్కటే తెరిచి ఖాళీ చేయాలి.

మనుషులు ఎక్కువగా మరిచేది ఇంజిన్ నీటిని. పడవ ఇంజిన్లు చాలావరకు సరస్సు నీటినే లోపలికి లాగి చల్లబడతాయి. వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటారు అయితే, దాన్ని నిటారుగా కిందికి దించి కాసేపు ఉంచితే లోపలి నీరు దానంతటదే కారిపోతుంది. పైకి ఎత్తి కట్టిన మోటారులో నీరు అలాగే నిలిచి ఉంటుంది. లోపల ఇంజిన్ ఉన్న పడవల్లో ఇంజిన్ బ్లాకుకు, ఎగ్జాస్ట్ గొట్టాలకు విడివిడిగా ప్లగ్‌లు ఉంటాయి. అవి ఎక్కడున్నాయో పడవతో వచ్చిన మాన్యువల్ చెబుతుంది. జెట్ స్కీని ఒడ్డుకు తెచ్చాక, మాన్యువల్ అనుమతించినన్ని సెకన్లు మాత్రమే నడిపి ఆపితే జెట్ గొట్టంలోని నీరు బయటికి చిమ్ముతుంది. ఎక్కువసేపు నీరు లేకుండా నడిపితే ఇంజిన్ వేడెక్కి పాడవుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనవి ఈమధ్య మోజు పెరిగిన వేక్ బోట్లు. వెనక పెద్ద అల లేవడానికి ఇవి బ్యాలస్ట్ ట్యాంకుల్లో, సంచుల్లో సరస్సు నీటిని నింపుకుంటాయి. కొన్ని మోడళ్లలో అది వెయ్యి లీటర్లకు పైమాటే. పంపుతో తోడేశాక కూడా మూలల్లో, గొట్టాల్లో నీరు మిగిలిపోతుంది. సంచుల లోపల వెలుతురు రాదు, గాలి ఆడదు, కాబట్టి అంత త్వరగా ఆరదు. బయట పడవ తళతళలాడుతూ ఆరిపోయినా లోపల లార్వా బతికే ఉండగలదు. ఇలాంటి పడవ కొనగలిగిన స్తోమత ఉన్నవారికి, ఆ ట్యాంకులను పూర్తిగా ఖాళీ చేసే ఓపిక ఉండాలని కోరడం పెద్ద కోరికా?

నీళ్లు వదలడం సగం పనే, మిగతా సగం ఎండబెట్టడం. లార్వా తడి లేకుండా బతకదు. పెద్ద ఆల్చిప్ప మాత్రం గుల్ల మూసుకుని చల్లని, తేమ ఉన్న చోట రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి నీరు లేకుండా ఉండగలదు. వదలగా మిగిలిన నీటిలో లార్వాలు టెక్సాస్ ఎండాకాలంలో కొద్ది రోజుల్లోనే చస్తాయి, చల్లని నెలల్లో వారాలపాటు బతకగలవు. అందుకే టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ, పడవను మరో సరస్సుకు తీసుకెళ్లేముందు కనీసం వారం రోజులు పూర్తిగా ఎండనివ్వాలని చెబుతోంది. ఎండబెట్టడమంటే కవరు కప్పి గ్యారేజీలో పెట్టడం కాదు. కవరు కింద తేమ బయటికి పోలేదు. ప్లగ్ తీసే ఉంచి, అరల మూతలు, లైవ్‌వెల్ తెరిచి, సీటు పరుపులు నిలబెట్టి, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ట్యూబులు విడివిడిగా ఆరేసి, ఎండ, గాలి తగిలేలా చూడాలి. అంగట్లో దొరికే ఇంకే మందూ దీనంత సులువైనది కాదు, దీనికి పైసా ఖర్చు కూడా లేదు. వారం ఆగే వీలు లేనప్పుడు కనీసం 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న సబ్బు నీటితో, బలమైన ధారతో కడగాలని అదే శాఖ సూచన. ఇంటి గార్డెన్ హోస్ నుంచి వచ్చే చన్నీళ్లు ఆ పని చేయవు.

అద్దె పడవలు తీసుకునేవారు ఇది తమకు సంబంధించింది కాదనుకుంటారు. పాంటూన్ పడవ ఆ మెరీనాలోనే ఉండిపోతుంది, నిజమే. కానీ మీ వెంట వచ్చిన గాలి ట్యూబులు, ప్యాడిల్ బోర్డులు, ఐసు పెట్టెలు, ఈత బట్టల సంచి మాత్రం వచ్చే వారం ఇంకో సరస్సుకు వెళతాయి. వాటిని కూడా అక్కడే వంపి, ఇంటి దగ్గర ఆరేయాలి. పిల్లలు ముచ్చటపడి చిన్న చేపను బకెట్టులో వేసుకుంటే, ఆ చేపనూ నీటినీ పట్టుకున్న సరస్సులోనే వదిలి రావాలి. పెద్దలు ఒడ్డున నిలబడి ఎందుకో చెబితే పిల్లలు వింటారు. ఇంటికి వచ్చాక ఏ వాగులోనో వదిలేయమంటే అది వాళ్లకు ఏం నేర్పినట్టు?

చట్టం విషయంలో అనుమానానికి తావు లేదు. 2014 జూలై 1 నుంచి టెక్సాస్ అంతటా, ప్రజల మంచినీటి సరస్సులను, నదులను వదిలి వెళ్లేటప్పుడు, అలాగే వాటి దగ్గరికి వచ్చేటప్పుడు పడవలోని, అందులోని పాత్రల్లోని నీటినంతా వదిలి ఉండాలి. మోటారు ఉన్నా లేకపోయినా, చిన్నదైనా పెద్దదైనా, కయాక్‌కు సైతం ఈ నియమం వర్తిస్తుంది. అదే రోజు అదే సరస్సులో ఒక ర్యాంపు నుంచి ఇంకో ర్యాంపుకు నేరుగా వెళ్లేవారికి మినహాయింపు ఉంది. పట్టిన చేపలను ఆ సరస్సు నీటితోనే పడవలో బతికించి తీసుకెళ్లకూడదు. జీబ్రా ఆల్చిప్పల వంటి నిషేధిత జీవులను మోసుకెళితే మొదటిసారి 500 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. అయితే ప్రతి ర్యాంపు దగ్గర గేమ్ వార్డెన్‌ను, అంటే వన్యప్రాణి చట్టాలను అమలు చేసే అధికారిని, నిలబెట్టడం ఏ రాష్ట్రానికీ సాధ్యం కాదు. ఈ చట్టం నిలిచేది యజమాని నిజాయితీ మీదే. పట్టుకునేవాడు లేడు కదా అని ఎర్ర దీపం దాటని మనిషి, ర్యాంపు దగ్గర మాత్రం ప్లగ్ తీయకుండా ఎలా వెళ్లిపోగలడు?

“ఇంటి ముందు డ్రైవ్‌వేలో వదిలేస్తాం” అనేవారూ ఉన్నారు. వీధి కాలువలో పడిన నీరు శుద్ధి కేంద్రానికి వెళ్లదు. నేరుగా దగ్గరి వాగులోకి పోతుంది. ప్లేనో గుండా పారే రౌలెట్ క్రీక్ రే హబ్బర్డ్ సరస్సులో కలుస్తుంది. అది డల్లాస్ నగరానికి తాగునీరు. పైగా నీటితో రోడ్డెక్కడమే చట్ట విరుద్ధం. “తీస్తే మళ్లీ బిగించడం మరిచిపోయి పడవ మునుగుతుంది” అన్న భయం మాత్రం నిజమైనదే, అలా మునిగిన పడవలు ఉన్నాయి. దానికి ఉపాయం సులువు. తీసిన ప్లగ్‌ను ఇంజిన్ తాళం చెవికి కట్టి ఉంచితే, అది చేతిలోకి రాకుండా ఇంజిన్ మొదలు కాదు.

ఊరి మేలు సంగతి అలా ఉంచినా, ఈ శ్రమలో యజమానికి దక్కేది తక్కువేమీ కాదు. నిలిచిన బిల్జ్ నీరు చెక్క దూలాలను, వెనక పలకను లోలోపల కుళ్లబెడుతుంది. నేల కింది ఫోమ్ ఒకసారి నీరు పీల్చుకుంటే పడవ బరువెక్కి, తేలే గుణం తగ్గుతుంది. వైర్ల కనెక్షన్లు చిలుము పడతాయి, సీట్లకు బూజు పడుతుంది. నీరు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. ఇంజిన్ బ్లాకులో మిగిలిన నీరు అలా గడ్డకడితే ఇనుము పగలవచ్చు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ను గడ్డకట్టించిన చలి, ఇక్కడ అలాంటి రాత్రులు రావన్న ధీమాను చెరిపేసింది.

నెలల తరబడి మెరీనాలో పడవను కట్టి ఉంచే స్లిప్‌లో, నీటిలోనే ఉండే పడవలది వేరే సంగతి. అలాంటి పడవ అడుగుకు, మోటారు దిగువ భాగానికి, నీరు పీల్చే రంధ్రాలకు పెద్ద ఆల్చిప్పలే పట్టి ఉండవచ్చు. కేవలం నీళ్లు వదిలి, వారం ఎండబెట్టి దాన్ని తరలించకూడదు. కదపకముందే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖకు తెలియజేసి, వారు చెప్పినట్టు గీకించి, వేడి నీటితో శుద్ధి చేయించాలి. లోపలి గొట్టాల్లోకి కూడా ఆ వేడి నీరు వెళ్లాలి. సెకండ్ హ్యాండ్ పడవ కొనేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. అది ఇంతకుముందు ఏ సరస్సులో ఉండేది, స్లిప్‌లోనా ట్రెయిలర్ మీదా, చివరిసారి నీటిలోంచి ఎప్పుడు తీశారు అన్న వివరాలు డబ్బు చేతులు మారకముందే అడగాలి. అడుగు మీద చేయి పెట్టి నిమరాలి. నున్నగా ఉండవలసిన చోట ఇసుక కాగితంలా గరుకుగా తగిలితే, అవి అప్పుడే అతుక్కున్న చిన్న ఆల్చిప్పలు కావచ్చు. అలాంటి పడవను ఉన్నచోటే ఉంచి శాఖకు కబురు చేయడం కొనేవాడి బాధ్యత, అమ్మేవాడి బాధ్యత కూడా.

ఇట్లు,
ఈ సరస్సుల నీరే తాగే తెలుగు కుటుంబాల పక్షాన